ఇంటిబండి బరువు

మా బామ్మర్ది ఆ బండిని మొదటిసారి మా గల్లీ మొదట్లో తెచ్చి ఆపినప్పుడు అందరూ దాని లోపలికి తొంగిచూశారు. నేను వెనక టైర్లు చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళు రంగుల మిల్లులో, బట్ట బయటికి పోయే గేటు దగ్గర, లారీలను తూచే కాంటా మీద పనిచేసినవాణ్ణి. లారీ వస్తే డ్రైవరు ముఖం కన్నా ముందు టైర్లు చూడటం అప్పటి అలవాటు. రిటైరై ఆరేళ్ళయినా పోలేదు. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "సాయంత్రం ఇంటిబండి వచ్చింది. తెలుపు రంగు. చాలా బాగా చేశాడు. వెనక టైర్లు కొంచెం పొట్ట దిగినట్టున్నాయి. గాలి తక్కువేమో."

గాలి సరిగ్గానే ఉంది.

ఆ బండి మా ఆవిడ కోసం చేసింది. నాలుగేళ్ళ కింద ఆమెకు నడుము ఆపరేషన్ అయింది. నడుస్తుంది, నిలబడి వంట చేస్తుంది, పడుకుంటుంది. కూర్చోవడమే కష్టం. అరగంట దాటిందంటే నొప్పి కాలిలోకి దిగుతుంది. రోజుకు ఎంతసేపు కూర్చోగలుగుతుందో గమనించమని డాక్టరు చెప్పారు కాబట్టి డైరీలో ప్రతి పేజీకి ఒక మూల గడి గీసి నిమిషాలు రాస్తూ వచ్చాను. ఇరవై రెండు. పద్దెనిమిది. ఇరవై ఆరు. నాలుగేళ్ళలో ఆ అంకె ముప్పై అయిదు దాటలేదు. మేముండే సూరత్ ఎల్ల కూడా ఆమె దాటలేదు.

ఆమెకు పోవాలని ఉన్నది ఒక్కచోటికే. గోదావరి పుట్టే త్ర్యంబకానికి. ఆమె పుట్టిన ఊరు తెలంగాణలో గోదావరి ఒడ్డునే. పెళ్ళయి నాతో వచ్చాక నలభై ఏళ్ళుగా సూరత్‌లో తాపీ నది నీళ్ళు తాగుతున్నాం. త్ర్యంబకం ఇక్కడికి ఆరేడు గంటల దారి. దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చు అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు పోదామంటే అంతసేపు కూర్చోలేదు. రైలులో పడుకోవచ్చుగానీ ఆ ఊరికి రైలు లేదు. ఎవరో అంబులెన్సు మాట్లాడుకోమన్నారు. "సైరన్ కొట్టుకుంట పోయి దేవునికి మొక్కాల్నా?" అని మా ఆవిడ ఆ మాట అక్కడే తుంచేసింది. తర్వాత ఒకరోజు పప్పు ఏరుతూ, నిలబడే, తనలో తాను అన్నట్టు అంది: "మా ఊరికి వచ్చిన నీళ్ళనే చూసిన. యాడికెళ్ళి బయల్దేరినయో ఒక్కపారి చూస్తే సాలు."

ఆ మాట విన్నవాళ్ళలో మా బామ్మర్ది ఒకడు. అక్కకన్నా పన్నెండేళ్ళు చిన్న. తల్లి పోయాక అక్కే పెంచింది. మా పెళ్ళయిన ఏడాదే మాతోపాటు సూరత్ వచ్చాడు. ఇప్పుడు జోల్వాలో సాంచల ఫిట్టరు. పవర్‌లూమ్ మగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. వాటిని బిగించడంలో, సరిచేయడంలో వాడి చెయ్యి చాలా మంచిది.

బడిపిల్లలను తిప్పిన పాత టెంపో వ్యాను ఒకటి కొన్నాడు. సీట్లన్నీ పీకేశాడు. అదే సమయానికి వాళ్ళ సేఠ్ పాత సాంచలు తీయించి కొత్తవి పెట్టిస్తున్నాడు. తుక్కుకు పోవాల్సిన ఆ సాంచల పోత ఇనుము పక్క చట్రాలను, అడ్డ దూలాలను మా బామ్మర్ది అడిగి తెచ్చుకున్నాడు. ఎనిమిది నెలల ఆదివారాలు వాటితోనే కూర్చున్నాడు. మంచానికి నాలుగు వైపులా సాంచె ఇనుము. వంటగట్టు కింద, అల్మారా వెనక సాంచె ఇనుము. మూడు వందల లీటర్ల స్టీలు నీళ్ళ టాంకీ.

వాడు అలా ఎందుకు చేశాడో నాకు బాగా తెలుసు. సాంచె తేలికగా ఉంటే ఎగురుతుంది. ఎగిరితే దారం తెగుతుంది. బరువుంటేనే నిలకడ అన్నది ఫిట్టరు పనిలో మొదటి పాఠం. అక్క నడుము కదలకూడదు అనుకున్నాడు, తనకు తెలిసిన పద్ధతిలో కదలకుండా చేశాడు.

"బావా, జర గిటు రా," అని నన్ను ఎక్కించుకుని, నిండా నీళ్ళున్న గాజుగ్లాసు వంటగట్టు మీద పెట్టి, రోడ్డు మీది స్పీడ్ బ్రేకర్ మీదుగా బండి పోనిచ్చాడు. చుక్క కూడా ఒలకలేదు. "సాంచె మీద గూడ గిట్లనే చూస్తం. నీళ్ళు ఒలికినయంటే ఫిట్టింగ్ తప్పు."

మా ఆవిడ ఆ మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంది. "ఇంట్ల కన్నా గీడనే మంచిగున్నదిరా," అంది. వాడి ముఖం చూడాలి అప్పుడు. యాభై ఏళ్ళవాడు బడిలో బహుమతి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

నేను నా పని మొదలుపెట్టాను. బండి ఆర్సీ కాగితంలో అన్నీ కలిపి మూడు వేల అయిదు వందల ముప్పై కిలోలకు మించకూడదని ఉంది. ఖాళీ బండి బరువు కూడా అందులోనే ఉంది. దానికి మా ముగ్గురి బరువు, నీళ్ళు, సామాను, బ్యాటరీ, పొయ్యి, గ్యాస్ బండ అన్నీ కలిపాను. "ఇనుము ఎంతుంటదిరా?" అని అడిగితే "రెండు క్వింటాళ్ళు ఉంటదేమో," అన్నాడు. అదీ కలిపాను. ఇంకా డెబ్భై అయిదు కిలోలు మిగిలింది. కింద గీత గీసి "సరి" అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. కాంటా మనిషిని అయ్యుండి ఎవరో నోటితో చెప్పిన బరువు రాసుకున్న పేజీ నా డైరీలన్నిటిలో అదొక్కటే అనుకుంటాను.

ఇక బీమా. మా గల్లీలోనే పెరిగిన ఒక అమ్మాయి బీమా ఏజెంటు. నన్ను కాకా అంటుంది, మా ఆవిడను చిన్నమ్మ అంటుంది. ఇంటికి వచ్చి బండి చుట్టూ తిరిగింది, లోపలికెక్కి మంచం కొట్టి చూసింది.

"కాకా, బండి ఏక్‌దమ్ మస్తుగుంది. గానీ పాలసీల ఉన్నది సీట్ల బండి. గిది ఇల్లు. మార్చినట్టు ఆర్టీవోల రాయించుకోవాలె, మా కంపెనీకి చెప్పాలె. కాంటా చీటీ గూడ తే."

నేను నా లెక్క పేజీ చూపించాను. ఆమె మర్యాదగా చూసింది.

"మంచిగ రాసినవ్ కాకా. కాంటా చీటీ తే."

మా బామ్మర్ది నవ్వాడు. "గిదేమన్న బట్టల లారీయా, కాంటా ఎక్కనీకి?"

"నన్ను గూడ తూకమేసినంకనే ఎక్కిస్తడేమో మీ బావ," అంది మా ఆవిడ.

మరుసటి ఆదివారం, పోయే రోజు ఎలా ఉంటుందో అలాగే సర్దుకుని, టాంకీ నింపుకుని, ముగ్గురం పల్సాణా రోడ్డు మీద ఉన్న కాంటాకు పోయాం. మా ఆవిడ మంచం మీద పడుకునే ఉంది. బండి పళ్ళెం మీదికెక్కింది. లోపలి గదిలో కాంటా అతను అంకె చూసి, బయటికి వచ్చి బండి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. చీటీ నా చేతికిస్తూ లోపల ఇనుము అమ్మకానికి తీసుకుపోతున్నారా అని హిందీలో అడిగాడు.

నాలుగు వేల పది. నాలుగు వందల ఎనభై ఎక్కువ.

బండి పక్కకు తీసి ఆపాం. మా బామ్మర్ది చీటీ రెండుసార్లు చదివాడు.

"మెల్లగ పోదాం బావా. ముప్పై, నలభై దాటను. గిది లారీ గాదు, ఎవడు ఆపుతడు?"

"ఆపకపోతే బరువు తగ్గదు గదరా. సాపుతారా ఘాట్ రోడ్డు దిగాలె మనం."

"ఎనిమిది నెలలు చేసిన. నేను చేసిన బండి ఎక్కనంటే ఎక్కనని సక్కగ చెప్పు బావా. కాంటాను అడ్డం పెట్టుకోకు."

లోపలి నుంచి మా ఆవిడ గొంతు: "ఏందయ్యా, జీవితమంతా అందరి లారీలు ఆపినవ్, ఇప్పుడు నాది గూడ ఆపుతున్నవా?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఆమెకు అక్కడికి పోవాలని ఎంత ఉందో నాకన్నా తెలిసినవాళ్ళు లేరు. పోదాం పద అనడానికి నోరు తెరిచిన మాట నిజమే. కానీ టైర్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఏజెంటు అమ్మాయికి ఫోన్ కలిపి, ముగ్గురికీ వినబడేట్టు పెట్టి, అంకె చెప్పాను.

ఆ అమ్మాయి అంకె ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత అంది: "మామా, వింటున్నవా?" మా బామ్మర్దిని మామా అంటుంది. "ఘాట్‌ల బ్రేకు పట్టక ఎదురుంగ వచ్చే బైకు మీదికి పోయిందనుకో. బైకాయనకు కంపెనీ పైసలిచ్చినా, తర్వాత నీ మీదికి వస్తరు, బండిని మార్చినవ్, చెప్పలే, ఎక్కువ బరువేసినవ్ అని. నీ బండికైతే రూపాయి రాకపోవచ్చు. కోర్టుల జవాబు చెప్పేటోడివి నువ్వే."

"నేను మంచిగ నడుపుత బిడ్డా."

"నడుపుతవు. రోడ్డు మీద ఆపి కాంటా ఎక్కించిండ్రనుకో. ఫైను కట్టంగనే వదిలిపెట్టరు మామా. ఎక్కువున్నది దించినంకనే కదలమంటరు. అప్పుడు ఏం దించుతవు? మంచం దించుతవా, చిన్నమ్మను దించుతవా?"

ఫోన్ నా చేతిలోనే ఉంది. మా బామ్మర్ది బండి తలుపు వైపు చూశాడు. ఘాటు మధ్యలో, ఎండలో, కూర్చోలేని అక్కను రోడ్డు పక్కన నిలబెట్టినట్టు వాడికి కనిపించిందని నేననుకుంటాను. బండి తిప్పాడు. ఇంటికి వచ్చేదాకా ఇరవై కూడా దాటించలేదు.

తర్వాత తొమ్మిది రోజులు వాడు మా ఇంటికి రాలేదు. మా ఆవిడ నాతో మాట్లాడింది, కానీ అవసరానికే. "అన్నం పెట్టిన." "పాలోడు వచ్చిండు." ఆ తొమ్మిది రోజుల డైరీ చూస్తే వాతావరణం గురించే ఎక్కువ ఉంది.

పదో రోజు ఆమే ఫోన్ చేసి తమ్ముణ్ణి పిలిచింది. వాడు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. మంచం ఇనుము తీసేస్తే అక్క నడుము కదులుతుంది, తీయకపోతే బండి కదలదు, వేరే దారి తోచడం లేదన్నాడు.

"అరేయ్," అంది ఆమె, "మనం నేసేటోళ్ళం గదరా. ఇనుము మోసుడేంది? నవారు అల్లరాదూ?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తాతల నాటి నుంచి నేత పని మాది. వాడు రోజూ నూరు సాంచల మధ్య తిరుగుతాడు. నేను ముప్పై ఏళ్ళు లారీలకొద్దీ బట్ట తూచాను. మంచం అనగానే ఇద్దరికీ ఇనుమే గుర్తొచ్చింది, నవారు గుర్తు రాలేదు.

మా వెనక గల్లీలోనే బ్యాగులకు పట్టీలు నేసే చిన్న కార్ఖానా ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు గట్టి పట్టీ, మనిషిని వేలాడదీసినా తెగదు. మా బామ్మర్ది రెండు చుట్టలు నేయించుకొచ్చాడు. సన్న గొట్టాలతో చట్రం చేసి, పట్టీ అడ్డంగా నిలువుగా అల్లి, బిగదీసి, మీద పలచని దూది పరుపు వేశాడు. అల్మారా వెనక ఇనుమూ గట్టు కింది ఇనుమూ పోయాయి. పెద్ద టాంకీ తీసి వంద లీటర్ల ప్లాస్టిక్‌ది పెట్టాడు. ఊడదీసిన ఇనుము తుక్కు కొట్టుకు పంపే ముందు, ఎంతుందో చూద్దామని నేను తూకం వేయించాను. బండి అడుగున బిగించిన అడ్డ దూలాలు తీయడానికి రాక అలాగే ఉన్నాయి, ఊడదీసిందే వాడు చెప్పిన రెండు క్వింటాళ్ళకు దాదాపు రెట్టింపు ఉంది.

"ఏందిరా గిది?"

"ఒక్కో ముక్క ఎత్తినప్పుడు తేలికనే ఉండె బావా," అన్నాడు.

మళ్ళీ అదే స్పీడ్ బ్రేకర్, అదే గాజుగ్లాసు. ఈసారి పావు గ్లాసు నీళ్ళు గట్టు మీద ఒలికాయి. వాడు బండి ఆపి ఆ తడినే చూస్తూ కూర్చున్నాడు.

"ఒలికినయి అక్కా."

"నేను ఒలకలే గద," అంది ఆమె నవారు మీద నుంచి. "ఉయ్యాల లెక్క ఉన్నది. పోనియ్."

రెండోసారి కాంటా చీటీ మూడు వేల అయిదు వందల పది. ఇరవై కిలోలు మిగిలాయి. ఈసారి ఎవరి నోటి లెక్కా లేదు. చీటీని డైరీలో అంటించాను.

ఆ తర్వాత కాగితాల పని రెండు నెలలు పట్టింది. ఆర్టీవోలో బండిని చూసిన ఆఫీసరు లోపలికి తలపెట్టి "ఘర్ ఛే కే గాడీ?" అన్నాడు, ఇది ఇల్లా బండా అని. ముందు అనుమతి తీసుకుని తర్వాత మార్చాలి, మీరు తలకిందులు చేశారని కోప్పడ్డాడు కూడా. అది నిజమే, తలవంచుకుని విన్నాం. మార్పు ఆర్సీలో ఎక్కింది. ఏజెంటు అమ్మాయి కొత్త బీమా కాగితం తెచ్చిన రోజు మా ఆవిడ ఆమెకు సకినాలు పెట్టింది. "చిన్నమ్మా, గివి గూడ బండిల పెట్టుకోకుండ్రి, బరువైతయి," అని ఆ అమ్మాయి సగం డబ్బా తనే తినేసింది.

దీపావళి సెలవులకు సాంచలు ఆగాయి. మేముండే లింబాయత్‌లో ఏడాదికి ఆ కొన్నాళ్ళే గోడలు అదరవు. అలాంటి ఒక తెల్లవారుజామున బయల్దేరాం. బర్డోలీ దాటగానే మా ఆవిడ నిద్రపోయింది. వాఘాయి దగ్గర లేచి, పడుకునే కిటికీలోంచి వెదురు అడవి చూసింది. సాపుతారా ఘాట్ ఎక్కేటప్పుడు ముందు ఒక లారీ ముక్కుతూ పోతుంటే, మా బామ్మర్ది దాని వెనక టైర్లు చూసి, "బావా, గది ఎక్కువున్నది," అన్నాడు. నేను మనసులో అనుకున్నదీ అదే.

రాష్ట్రం ఎల్ల దగ్గర బండి ఆపి కాగితాలు అడిగారు. మా బామ్మర్ది నా ముఖం చూశాడు. నేను ఫైలు ఇచ్చాను. ఆర్సీ, బీమా, కాంటా చీటీ నకలు, అన్నీ వరుసగా. చూసినాయన లోపల పడుకున్న మా ఆవిడను చూసి నమస్కారం పెట్టి, పొమ్మని చెయ్యి ఊపాడు. పది అడుగులు పోయాక మా బామ్మర్ది పాట అందుకున్నాడు. వాడు బాగా పాడడు. ఎవరూ ఆపమనలేదు.

త్ర్యంబకంలో గోదావరి నీళ్ళు మొదట నిలిచే కుశావర్తం అనే రాతి గుండం ఉంది. చుట్టూ మెట్లు. మా ఆవిడ ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని దిగి, నీళ్ళకు దగ్గరి మెట్టు మీద కూర్చుంది. పాదాలు నీళ్ళలో పెట్టింది. "గింతేనా," అంది మొదట. తర్వాత వంగి దోసిలితో నీళ్ళు తీసి, వదిలి, మళ్ళీ తీసింది. ఇక్కడి నీళ్ళు వాళ్ళ ఊరికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. నాకు తెలియదన్నాను. నాకు తెలియనిది ఒకటి దొరికినందుకు ఇద్దరూ సంతోషించారు.

ఎంతసేపు కూర్చుందో నేను గడియారం చూడలేదు. రాత్రి డైరీ గడి నింపడానికి అడిగితే మా బామ్మర్ది గంట అన్నాడు, ఆమె పావుగంట అంది. రెండూ రాశాను.

తిరిగి బయల్దేరే ముందు ఆమె పది లీటర్ల క్యాన్లు ఆరు కొనిపించి గోదావరి నీళ్ళు నింపించింది. గల్లీలో ఆరిళ్ళవాళ్ళు అడిగారట, దేవుడి దగ్గర పెట్టుకోవడానికి. ఆరు క్యాన్లు బండి పక్కన వరుసగా నిలబడ్డాయి. మాకు మిగిలిన ఇరవై కిలోలు గుర్తొచ్చి నేను జేబులోంచి పెన్ను తీశాను.

"బావా, నోరు తెరవకు," అన్నాడు మా బామ్మర్ది. వంగి, బండి కింద టాంకీ కుళాయి తిప్పాడు. సూరత్ నుంచి మోసుకొచ్చిన తాపీ నీళ్ళు రోడ్డు పక్క కాలువలోకి ధారగా పోయాయి. టాంకీ ఖాళీ అయ్యేదాకా ముగ్గురం నిలబడి చూశాం. అప్పుడు వాడు క్యాన్లు ఒక్కొక్కటే ఎక్కించాడు, నాలుగు ముందుకు, రెండు మంచం కిందికి.

"రాస్కో," అంది మా ఆవిడ నవారు మీద ఒరుగుతూ. "తాపీని దించి గోదావరిని ఎక్కించినం."

రాసుకున్నాను.